మట్టి ఒకరిది, పేరు మరొకరిది

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, నాపా లోయ నడుమ ఓక్‌విల్ అనే చిన్న ఊరుంది. ఊరికి పడమట మయాకమస్ కొండలు. వేల ఏళ్లుగా వానలకు ఆ కొండల నుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్లూ ఒండ్రూ కలిసి అడుగున వాలుగా పరుచుకున్నాయి. నీరు నిలవని నేల అది. వేళ్లు లోతుకు దిగక తప్పదు, కాయ చిన్నదై చిక్కబడక తప్పదు. కాబర్నే సావిన్యాన్ ద్రాక్షకు అమెరికా మొత్తంలో ఇంతకన్నా మంచి భూమి లేదని నమ్మే వైన్ తయారీదారులు చాలామంది ఉన్నారు. ఆ తోట పేరు టో కలాన్.

ఈ రోజు ఆ నేలను పంచుకుని సాగుచేస్తున్న వారిలో ఒక పెద్ద మద్యం కంపెనీ ఉంది, ద్రాక్ష పండించి అమ్మే పెద్ద రైతు కుటుంబం ఉంది, ఒక విశ్వవిద్యాలయం ఉంది, రెండు మూడు తరాలుగా అక్కడే ఉంటున్న చిన్న కుటుంబాలున్నాయి. మట్టి ఇందరి చేతుల్లో ఉన్నా, సీసా మీద వేసే ఆ పేరు మాత్రం ట్రేడ్‌మార్క్ రిజిస్టరులో ఒక్కరి సొత్తు. పేరు నేలదా, సరుకుదా అన్న ప్రశ్న అక్కడ ఇరవై ఏళ్లలో రెండుసార్లు కోర్టు మెట్లెక్కింది. తోట చరిత్రను మొదటి నుంచీ చూస్తే తప్ప ఆ తగాదా లోతు తెలియదు.

హ్యామిల్టన్ వాకర్ క్రాబ్ ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. బంగారం వేటలో జనం పడమటికి పరుగులు తీసిన రోజుల్లో కాలిఫోర్నియా చేరారు. 1868లో ఓక్‌విల్ దగ్గర 240 ఎకరాలు కొన్నారు. తోటకు మొదట పెట్టిన పేరు హెర్మోసా. తర్వాత పక్క భూములనూ కొని కలుపుకుంటూ పోయారు. క్రాబ్‌కు ద్రాక్ష అంటే వ్యాపారమే కాదు, అంతులేని ఆసక్తి. యూరప్ నుంచి, ఇతర చోట్ల నుంచి తెప్పించి నాటిన రకాలు నాలుగు వందలకు పైమాటే. ఏ రకం ఆ నేలకు సరిపోతుందో పెంచి చూడటం, నచ్చినవాటి కొమ్మలను తోటి రైతులకు అమ్మడం ఆయన పద్ధతి. ‘క్రాబ్స్ బ్లాక్ బర్గండీ’ అని ఆయన పేరు మీదే ఒక ద్రాక్ష రకం కాలిఫోర్నియాలో చాలాకాలం చెలామణి అయింది.

1886లో ఆయన తోట పేరును టో కలాన్‌గా మార్చారు. గ్రీకు భాషలో దానికి అత్యున్నత సౌందర్యం అని అర్థం. ఆ పేరు తోటకు ఉంది, తోట పక్కన కట్టిన వైన్ కేంద్రానికి ఉంది, అక్కడి నుంచి దూరనగరాలకు వెళ్లిన వైన్‌కూ ఉంది. పండించేవాడూ పిండేవాడూ అమ్మేవాడూ ఒక్కరే కనుక, ఆ పేరు నేలకు పెట్టారా సరుకుకు పెట్టారా అని ఎవరూ అడగలేదు. క్రాబ్ కూడా ఎక్కడా గీత గీసి చెప్పలేదు. నూరేళ్ల తర్వాత లాయర్లు వాదులాడుకున్నది సరిగ్గా ఆ గీత గురించే.

క్రాబ్ 1899లో మరణించారు. తోట చర్చిల్ కుటుంబం చేతికి వెళ్లింది. 1903లో కొంత భూమిలో కేంద్ర వ్యవసాయశాఖ ద్రాక్ష పరిశోధన క్షేత్రం పెట్టింది. ఇప్పుడు దాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ నడుపుతోంది. 1920లో దేశమంతా మద్యనిషేధం అమలైంది. పదమూడేళ్లు వైన్ పరిశ్రమ కుప్పకూలింది. నిషేధం ఎత్తేశాక కూడా టో కలాన్ పేరు మళ్లీ నిలదొక్కుకోలేదు. 1939లో పాత వైన్ కేంద్రం మంటల్లో కాలిపోయింది. 1943లో మార్టిన్ స్టెల్లింగ్ అనే వ్యాపారి తోటలో అధికభాగం కొని, మేలురకం ద్రాక్షలతో కొత్తగా నాటించడం మొదలుపెట్టారు. 1950లో ఆయన కారు ప్రమాదంలో చనిపోయారు. ఆ తర్వాత భూమి ముక్కలైంది. ఒక ముక్క అప్పటికే బ్యూలియూ అనే పాత వైన్ సంస్థ దగ్గర ఉంది. ఇంకో ముక్క డెటర్ట్ కుటుంబానికి వెళ్లింది. ఈ కథ చివర్లో కనబడే మెక్‌డొనాల్డ్ కుటుంబం వారి బంధువులే. దశాబ్దాల పాటు ఆ పేరు సీసాల మీద కనబడలేదు. పాత మ్యాపుల్లో, ఊరి పెద్దల జ్ఞాపకంలో మాత్రం మిగిలింది.

రాబర్ట్ మొండావి కథ ఇక్కడ మొదలవుతుంది. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం వారిది. నాపాలోనే చార్ల్స్ క్రూగ్ వైన్ కేంద్రాన్ని అన్నదమ్ములు కలిసి నడిపేవారు. 1965లో తమ్ముడు పీటర్‌తో గొడవ చేతులు చేసుకునేదాకా వచ్చింది. రాబర్ట్ బయటికి వచ్చేశారు. యాభై ఏళ్లు దాటిన వయసులో, 1966లో, ఓక్‌విల్ రోడ్డు పక్కన, టో కలాన్ నేల మీదే సొంత వైన్ కేంద్రం కట్టారు. నాపా వైన్ ఫ్రాన్స్ వైన్‌కు ఏమాత్రం తీసిపోదని ప్రపంచం చేత ఒప్పించాలన్నది ఆయన పట్టుదల. 1979లో బోర్డో ప్రాంతపు ప్రఖ్యాత షాటో మూటాన్ యజమాని బారన్ ఫిలిప్ ద రాత్‌షీల్డ్‌తో కలిసి ఓపస్ వన్ అనే కాబర్నే వైన్‌కు శ్రీకారం చుట్టారు. దానికీ టో కలాన్ నేలలో కొంత వాటా దక్కింది.

మొండావి దగ్గర తొలి రోజుల్లో పనిచేసినవారిలో వారెన్ వినియార్‌స్కీ ఒకరు. షికాగోలో విశ్వవిద్యాలయ ఉద్యోగం వదిలి కుటుంబంతో నాపాకు వచ్చిన మనిషి. ఆయన తర్వాత లోయకు తూర్పువైపున స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ నెలకొల్పారు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి, సీసాల పేర్లు దాచిపెట్టి ఫ్రెంచి నిపుణుల చేత రుచి చూపించారు. ఎర్ర వైన్లలో మొదటి స్థానం వినియార్‌స్కీ తయారుచేసిన 1973 కాబర్నేకు వచ్చింది. షాటో మూటాన్, షాటో ఓబ్రియోన్ వంటి మహామహులు వెనకబడ్డారు. ఆ ఒక్క రోజుతో నాపా నేలకూ, నాపా పేర్లకూ విలువ పెరిగింది. పేరుకు విలువ పెరిగిన చోట తగాదా రాకుండా ఉంటుందా? అప్పటికే అది మొదలైంది కూడా.

స్టాగ్స్ లీప్ అనేది వినియార్‌స్కీ సృష్టించిన పేరు కాదు. వేటగాళ్ల నుంచి తప్పించుకుంటూ ఒక దుప్పి అక్కడి కొండరాళ్ల మీదుగా దూకిందని స్థానిక కథ. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే హొరేస్ చేజ్ అనే ఆయన ఆ పేరుతో అక్కడ వైన్ చేయించారు. ఆయన రాతి భవనాన్నీ చుట్టూ భూమినీ 1970ల మొదట్లో కార్ల్ డూమానీ కొని, అదే పేరుతో వైన్ కేంద్రం తెరిచారు. పక్కపక్కనే రెండు కంపెనీలు, ఒకే పేరు. ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. పాత భవనం నాదగ్గర ఉంది కాబట్టి పేరు నాదని ఒకరు, ముందు మార్కెట్లోకి తెచ్చి గెలిపించింది నేనని మరొకరు.

చివరికి 1980ల మధ్యలో రాజీ కుదిరింది. ఇద్దరూ పేరు వాడుకోవచ్చు. తేడా అల్లా అపాస్ట్రఫీ గుర్తు ఎక్కడ పెడతారన్న దాంట్లోనే. వినియార్‌స్కీది ‘ఎస్’ అక్షరానికి ముందు, డూమానీది దాని తర్వాత. రాజీకి గుర్తుగా ఇద్దరూ కలిసి తమ 1985 పంట కాబర్నేలను కలిపి ‘అకార్డ్’ అనే వైన్ విడుదల చేశారు. 1989లో ప్రభుత్వం ఆ ప్రాంతం మొత్తానికి స్టాగ్స్ లీప్ డిస్ట్రిక్ట్ అన్న గుర్తింపు ఇచ్చింది. అందులో అపాస్ట్రఫీ అసలే లేదు. ఆ హద్దుల్లో పండించే ప్రతి రైతుకూ ఆ పేరు అందింది.

స్టాగ్స్ లీప్ పేరు అలా అందరికీ అందడానికి కారణం ఉంది. ఒక ప్రాంతానికి సర్కారు హద్దులు గీయాలంటే వాతావరణం, నేల, చరిత్ర చూపి దరఖాస్తు చేయాలి, బహిరంగంగా అభిప్రాయాలు వింటారు, మ్యాపు గెజిట్‌లోకి ఎక్కుతుంది. ఆ మ్యాపు ఎవరి సొత్తూ కాదు. అలా గుర్తించిన ప్రాంతం పేరు లేబుల్ మీద వేయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. ఒక్క తోట పేరు వేయాలంటే నియమం ఇంకా గట్టిది, 95 శాతం ఆ తోటదే కావాలి. అయితే ఆ తోట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే మ్యాపు ప్రభుత్వం దగ్గర లేదు. శాతం కొలిచారు గాని, దేనిలో శాతమో కొలవలేదు. టో కలాన్ కష్టాలన్నీ ఈ ఖాళీలోంచి పుట్టినవే.

మొండావి సంస్థ ఆ ఖాళీని ముందే చూసింది. 1988లో ‘టో కలాన్’, 1994లో ‘టో కలాన్ వైన్‌యార్డ్’ అన్న పేర్లను వైన్ కోసం ట్రేడ్‌మార్క్‌లుగా రిజిస్టరు చేయించుకుంది. న్యాయంగా చెప్పాలంటే, మరుగున పడిన ఆ పేరును బతికించి ప్రపంచానికి చాటింది మొండావియే. దశాబ్దాలుగా ఎవరూ వాడని పేరును ముందుగా వచ్చి వాడినవారికి ఇవ్వడం ట్రేడ్‌మార్క్ చట్టంలో తప్పు కాదు. కొనేవాడు మోసపోకుండా, ఈ సీసా ఫలానా సంస్థ నుంచే వచ్చిందని చెప్పడం ఆ చట్టం ఉద్దేశం. ఈ ద్రాక్ష ఫలానా మట్టిలోనే పండిందని చెప్పడం దాని పని కాదు. వైన్ కొనేవాడు మాత్రం లేబుల్ మీద తోట పేరు చదివి మట్టినే ఊహించుకుంటాడు.

1993లో ఆండీ బెక్‌స్టాఫర్ అనే రైతు, బ్యూలియూ సంస్థ దగ్గరున్న టో కలాన్ ముక్కను కొన్నారు. 89 ఎకరాలు. బెక్‌స్టాఫర్ వైన్ తయారు చేయరు. ద్రాక్ష పండించి, ఎంచుకున్న కొద్దిమందికి అమ్ముతారు. రైతుకు దక్కాల్సిన విలువ గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి. టన్ను ద్రాక్షకు ధర ఎంత అంటే, ఆ ద్రాక్షతో చేసిన సీసా అమ్మకపు ధరకు వంద రెట్లు అన్నది ఆయన ప్రసిద్ధి చేసిన లెక్క. సీసా వంద డాలర్లకు అమ్మితే టన్నుకు పదివేల డాలర్లు ఇవ్వాలి. వైన్ కంపెనీ ధర పెంచిన ప్రతిసారీ రైతు ధరా పెరుగుతుంది. ఆ భూమిలో వ్యవసాయం తప్ప మరేదీ ఎప్పటికీ జరగకూడదని శాశ్వత ఒప్పందం కూడా రాసిచ్చారు.

ఆయన దగ్గర ద్రాక్ష కొన్నవారిలో ఫ్రెడ్ ష్రేడర్ ఒకరు. క్రాబ్ నాటి అసలు తోట ఇదేనన్న అర్థంలో ష్రేడర్ తన కాబర్నే లేబుల్ మీద టో కలాన్ పేరు వేశారు. 2002లో మొండావి సంస్థ ఆయన మీద దావా వేసింది. బెక్‌స్టాఫర్ ఊరుకోలేదు. ఎదురు దావాకు దిగారు. నా భూమి క్రాబ్ భూమే, ఆ పేరు చరిత్రలో నేలకు ఉన్న పేరు, నేలను కొన్నవాడిని ఆ పేరు పలకొద్దంటే ఎలా అన్నది ఆయన వాదన. అంతటితో ఆగలేదు. క్రాబ్ తోటలో ఎన్నడూ భాగం కాని భూముల ద్రాక్షను కూడా మొండావి అదే పేరుతో అమ్ముతోందని, మోసపోతున్నది కొనుగోలుదారేనని ఎదురు ఆరోపణ చేశారు.

ఆ వాదన తీర్పు దాకా వెళ్లి ఉంటే నేల పేర్ల విషయంలో అమెరికా న్యాయం ఏమంటుందో తేలిపోయేది. కానీ 2003లో రాజీ కుదిరింది. బెక్‌స్టాఫర్, ఆయన దగ్గర ద్రాక్ష కొనేవారు తమ వైన్ మీద టో కలాన్ పేరు వేసుకోవడానికి రుసుము లేకుండా అనుమతి దొరికింది. ట్రేడ్‌మార్క్ మాత్రం మొండావి దగ్గరే ఉండిపోయింది. బెక్‌స్టాఫర్‌కు వచ్చింది వాడుకునే అనుమతి, ఆయన అడిగింది హక్కు. ఆ తర్వాతి ఏళ్లలో ష్రేడర్ సీసాలు అమెరికా విమర్శకుల నుంచి నూటికి నూరు మార్కులు పలుమార్లు తెచ్చుకున్నాయి, సీసా ధర వందల డాలర్లకు చేరింది.

దాదాపు అదే సమయంలో నాపాలో మరో పోరు నడిచింది. చవక వైన్లతో పేరు మోసిన ఫ్రెడ్ ఫ్రాంజియా, తన బ్రాంకో సంస్థ తరఫున ‘నాపా రిడ్జ్’ అనే బ్రాండు కొన్నారు. అందులో పోసేది నాపా ద్రాక్ష కాదు, బయటి ప్రాంతాలది. 1986 జులైకి ముందు నుంచీ వాడుకలో ఉన్న బ్రాండు పేర్లకు కేంద్ర నిబంధనల్లో మినహాయింపు ఉంది కనుక అది చెల్లింది. నాపా రైతులు మండిపడ్డారు. కాలిఫోర్నియా శాసనసభ 2000లో చట్టం చేసింది: లేబుల్ మీద నాపా అని ఉంటే, బ్రాండు ఎంత పాతదైనా, లోపల కనీసం 75 శాతం నాపా ద్రాక్ష ఉండాలి. ఫ్రాంజియా కోర్టుకెక్కారు. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది, ఆ తర్వాత దేశ సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఊరి పేరు బ్రాండుకన్నా పెద్దదని అక్కడ తేలింది. అదే లోయలో తోట పేరుకు ఆ రక్షణ అందలేదు.

ఈలోగా యాజమాన్యాలు మారాయి. 2004లో కాన్‌స్టెలేషన్ అనే మద్యం దిగ్గజం వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించి మొండావి సంస్థను కొనేసింది. అమెరికాలో కరోనా బీరు అమ్మేది ఈ కంపెనీయే. టో కలాన్ ట్రేడ్‌మార్క్ కూడా ఆ బేరంలో భాగంగా దాని చేతికి వెళ్లింది. 2017లో అదే కంపెనీ ష్రేడర్ సంస్థనూ కొనుక్కుంది. ఒకప్పుడు పేరు కోసం కొట్లాడుకున్న వాది, ప్రతివాది ఒకే గూటికి చేరారు.

రెండో దావా టో కలాన్‌కు పొరుగున ఉన్న వైన్‌యార్డ్ హౌస్ అనే చిన్న సంస్థ విషయంలో. ఆ సంస్థ యజమాని జెరెమీ నికెల్, పాత భూపత్రాలూ మ్యాపులూ తవ్వి తీసి, తమ భూమిలో కొంత భాగం ఒకప్పుడు క్రాబ్‌దేనని, కాబట్టి అది కూడా టో కలాన్ అని వాదించారు. 2019లో వ్యవహారం ఫెడరల్ కోర్టుకు చేరింది. విచారణలో చరిత్రకారులు సాక్షులయ్యారు. నూట ముప్పై ఏళ్ల కిందటి వార్తాపత్రికలు, అమ్మకం దస్తావేజులు సాక్ష్యాలయ్యాయి. క్రాబ్ ఆ పేరు వాడింది 1868 నాటి భూమికేనా, తర్వాత కొన్నవాటికీనా, లేక భూమితో నిమిత్తం లేకుండా వ్యాపారానికా? 2021 జనవరిలో న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ కాన్‌స్టెలేషన్ పక్షాన తీర్పిచ్చారు. వైన్‌యార్డ్ హౌస్ ఆ పేరు వాడకుండా నిషేధం విధించారు.

ఇదే సమస్యను ఫ్రాన్స్ వేరుగా పరిష్కరించుకుంది. బర్గండీలో సీటో మఠం సన్యాసులు మధ్యయుగంలో పెంచిన క్లో ద వూజో తోట ఉంది. సుమారు 50 హెక్టార్లు, చుట్టూ రాతి గోడ. ఇప్పుడు దానికి దాదాపు 80 మంది యజమానులు. గోడ లోపల నాలుగు వరుసల తీగలున్నవారు సైతం తమ సీసా మీద క్లో ద వూజో అని గర్వంగా రాసుకుంటారు. అందరి వైన్ ఒకేలా ఉండదు, కొనేవాడు యజమాని పేరు చూసుకుని ఎంచుకుంటాడు. కాబర్నేకు పుట్టిల్లైన బోర్డోలో పద్ధతి వేరు. 1855 నాటి ప్రసిద్ధ జాబితా నేలకు కాక షాటోలకు, అంటే ఎస్టేట్లకు, స్థానాలిచ్చింది. లెయోవిల్ ఎస్టేటు మూడు ముక్కలైనప్పుడు ముగ్గురికీ లెయోవిల్ పేరు దక్కింది, పక్కన ఎవరి పేరు వారు చేర్చుకున్నారు: లాస్ కాజ్, ప్వాఫెరే, బార్టన్. రెండు చోట్లా పంచుకోవడం కుదిరింది.

ఈ తేడా తెలుగువారికి కొత్త కాదు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ ఉద్యానశాఖ పేరు మీద నమోదైంది గాని, ఏ పళ్ల రసం కంపెనీ సొత్తుగానూ కాదు. గుర్తించిన ప్రాంతంలో పండించే రైతు వాడకందారుగా నమోదు చేసుకుని ఆ పేరు వాడుకోవచ్చు. ఒక కంపెనీ ముందుగా వచ్చి బంగినపల్లి అన్న మాటనే ట్రేడ్‌మార్క్‌గా రాయించుకుని ఉంటే కోనసీమ నుంచి కర్నూలు దాకా తోటల్లో ఏం జరిగేదో ఊహిస్తే, ఓక్‌విల్ చిన్న రైతుల బాధ అర్థమవుతుంది.

మెక్‌డొనాల్డ్ కుటుంబం ఉదాహరణే చూడండి. వారి భూమి క్రాబ్ తోటలోదే. మొండావి వైన్ కేంద్రం మొదలైన నాటి నుంచి తమ ద్రాక్ష ఆ సంస్థకే అమ్మారు. ఇప్పటి తరం సొంతంగా కాబర్నే చేయడం మొదలుపెట్టాక అది కొనడానికి జనం ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నారు. పాత మ్యాపులు సేకరించి టో కలాన్ చరిత్రను శ్రద్ధగా వెలికితీసినవారిలో ఈ కుటుంబం ముందుంటుంది. అయినా వారి లేబుల్ మీద టో కలాన్ అన్న మాట ఉండదు. మొండావి తోటలో ఏ భాగం క్రాబ్ నాటిదో, ఏది తర్వాత చేరిందో మాత్రం లేబుల్ చూసి చెప్పడం కొనేవాడికి సాధ్యం కాదు.

దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. నాపాలో ఓక్‌విల్, రదర్‌ఫర్డ్, స్టాగ్స్ లీప్ వంటి ప్రాంతాలకు ప్రభుత్వం హద్దులు గీయగలిగినప్పుడు, నూరేళ్లు దాటిన తోటలకూ గీయగలదు. క్రాబ్ కొనుగోళ్ల దస్తావేజులు కౌంటీ రికార్డుల్లో ఉన్నాయి. వాటి ఆధారంగా టో కలాన్ మ్యాపు తయారు చేసి, అందులో పండించేవారందరూ ఆ పేరు చెప్పుకోవచ్చని, బయటివారు, అది ఎంత పెద్ద కంపెనీ అయినా సరే, చెప్పుకోకూడదని నిర్ణయిస్తే కొనేవాడికీ రైతుకూ న్యాయం జరుగుతుంది. మొండావి కృషికి గుర్తింపుగా మొండావి అన్న పేరు ఎలాగూ ఉంది. ఆ పేరు మీద ఎవరికీ పేచీ లేదు.

ఆ పని ఇంతవరకు జరగలేదు. కంపెనీలు మాత్రం పేరు విలువను బాగా లెక్కగట్టాయి. వైన్ వ్యాపారం తగ్గుముఖం పట్టడంతో కాన్‌స్టెలేషన్ 2025లో తన చవకరకం వైన్ బ్రాండ్లను పెద్దఎత్తున వదిలించుకుంది. అట్టిపెట్టుకున్న కొద్దివాటిలో ఓక్‌విల్ మొండావి వైన్ కేంద్రం ఉంది, ష్రేడర్ ఉంది, టో కలాన్ పేరుతోనే నెలకొల్పిన ప్రత్యేక సంస్థ కూడా ఉంది.